వంటింటి కిటికీ కింద పైపు

ఫిల్మ్ నగర్‌లో మేం ఫ్లాట్ కొన్నప్పుడు బిల్డరు చేతిలో పెట్టిన రంగుల పుస్తకంలో మా బ్లాకు వెనక ఒక సెలయేరు ఉంది. నీలంగా, మెలికలు తిరుగుతూ, ఒడ్డున రెండు కొంగలతో సహా. మాది మొదటి అంతస్తు. వంటింటి కిటికీ అటువైపే. "పొయ్యి దగ్గర నిలబడే సెలయేరు చూడొచ్చండీ" అన్నాడు ఫ్లాట్ చూపించినాయన. నేను పుట్టి పెరిగింది గోదావరి పక్కన. నీళ్లు కనబడే కిటికీ అనేసరికి ఇంకేమీ అడగలేదు. దిగిన మర్నాడు ఆ కిటికీ తెరిచాను. తెరిచిన చెయ్యి తెరిచినట్టే మూసేసింది.

అది నాలా, మురికి కాలువ. జూబ్లీహిల్స్ గుట్టల మీంచి దిగి, మా వెనక గోడని రాసుకుంటూ టోలిచౌకి వైపు పోతుంది. ఎన్ని వంకలు తిరిగినా చివరికి మూసీలోనే కలుస్తుంది. మూసీని మళ్లీ అద్దంలా చేస్తామని పెద్ద రోడ్డు మీద ప్రభుత్వం వారి హోర్డింగు ఒకటి ఉండేది. అందులో కూడా నీళ్లు నీలంగానే ఉండేవి. బిల్డరుకీ ప్రభుత్వానికీ బొమ్మ వేసినవాడు ఒకడే అయి ఉంటాడని మా ఆయన అనేవారు.

ఆయన సినిమాలకి సౌండ్ మిక్సింగ్ చేస్తారు. పొద్దున్నే స్టూడియోకి వెళ్లి ఏసీ గదిలో కూర్చుంటారు కాబట్టి ఆయనకి ఇది వేళాకోళం. నాకు కాదు. నేను డైలాగులు రాస్తాను, సీరియళ్లకి ఎక్కువ, సినిమాలకి తక్కువ. ఇంట్లోనే నా పని. అత్తగారు కోడలి మీద విరుచుకుపడే సీను రాస్తున్నప్పుడు ఆ వాసన బాగానే ఉపయోగపడేది. ప్రేమ సీనుల దగ్గరే ఇబ్బంది.

కొన్నాళ్లు ఫోన్లు చేశాను. మున్సిపాలిటీ వాళ్లు పూడికైతే తీస్తాం, వాసన మాది కాదన్నారు. డ్రైనేజీ వాళ్లు, అది వాన నీళ్ల కాలువమ్మా, అందులో మురుగు ఉండదు అన్నారు. ఉంది కదండీ అంటే, "ఉండకూడదమ్మా" అని గట్టిగా చెప్పి పెట్టేశారు. చివరికి కాలుష్యం సంగతి చూసే ఆఫీసొకటి ఉందని తెలిసి, ఫోన్లు మానేసి నాకు చేతనైన పని చేశాను. పిటిషన్ రాశాను.

నా కెరీర్‌లో అంత బాగా ఏదీ రాయలేదు. పైనున్న బంగళాల వాళ్లు తమ స్నానాల గదులు, ఈతకొలనులు, కుక్కల స్నానాలు అన్నీ కడిగి మా నెత్తిన పోస్తున్నారనీ, ఎత్తున ఉన్నంత మాత్రాన కిందివాళ్ల ముక్కుల మీద హక్కు వస్తుందా అనీ, ప్రభుత్వానికి ముక్కు లేదా అనీ అడిగాను. మా అపార్టుమెంటు ఆడవాళ్లకి చదివి వినిపిస్తే చప్పట్లు కొట్టారు. అందరూ సంతకాలు పెట్టారు. మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు మొట్టమొదటి సంతకం పెట్టారు. ఆయన ఒకప్పుడు సినిమాలు తీసిన ప్రొడ్యూసరు, కృష్ణా జిల్లా మనిషి. కథలు కూడా ఆయన చదవకుండానే ఓకే చేసేవారట. పిటిషన్ కూడా చదవలేదు.

ప్రభుత్వం స్పందించదనే ధైర్యంతోనే మనం ఇలాంటివి రాస్తాం. స్పందించింది.

ఒక మధ్యాహ్నం ఆటోలో ఒకమ్మాయి దిగింది. పాతికేళ్ల పైమాట ఉంటుందేమో. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, సంచీలో గాజు సీసాలు. ఆ ఆఫీసులో ఇంజినీరునని చెప్పింది. ఆఫీసు జీపు లేదా అని అడిగితే, "జీపు ఉంది మేడం, డ్రైవరు లేడు. డ్రైవరు ఉన్నప్పుడు డీజిల్ ఉండదు" అంది. కాఫీ వద్దంది. వాచ్‌మన్‌ని వెంట పెట్టుకుని వెనక గోడ తలుపు తీయించి నాలాలోకి దిగింది. పైకి కొంతదూరం నడిచి వచ్చింది, కిందికి కొంతదూరం నడిచి వచ్చింది. చివరికి సరిగ్గా మా వంటింటి కిటికీ కింద ఆగి పైకి చూసింది.

"మేడం, ఇంట్ల పసుపుందా?"

దెబ్బ తగిలిందేమోనని కంగారు పడ్డాను.

"దెబ్బకు కాదు మేడం. డబ్బా మొత్తం బకెట్ల కలిపి మీ సింకుల పొయ్యుండ్రి."

పోశాను. ఏదో శాస్త్రీయ పరీక్ష, పైవాళ్ల బండారం బయటపడబోతోందని ఉత్సాహంగా పోశాను. పోసి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. కింద, చెట్ల కొమ్మల చాటున ఒక లావుపాటి సిమెంటు పైపు నోరు ఉంది. అన్నాళ్లుగా ఆ కిటికీ మూసే ఉంచాను కాబట్టి నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు. అందులోంచి నల్లటి నీళ్లు పోతున్నాయి. చూస్తుండగానే పచ్చబడ్డాయి.

"గిది మీదే మేడం" అందా అమ్మాయి కిందినుంచి, నొప్పించకూడదన్నట్టు మెల్లగా. "మీరు పిటిషన్‌ల బంగళాలని రాసిండ్రు. వాళ్లది గూడ వస్తుంది, నేను కాదంటలేను. గానీ గీ వాసన మటుకు మీ బిల్డింగుదే."

వాచ్‌మన్ పక్కనే నిలబడి ఉన్నాడు. "నీకు తెలుసా ఇది?" అని అడిగాను.

"నేను డ్యూటీకి జేరినకాడికెల్లి గట్లనే పోతుందమ్మా. మీకు ఎర్కనే అనుకున్న" అన్నాడు.

ఆ అమ్మాయి సెల్లారులోకి వచ్చింది. మా అపార్టుమెంటుకి ఎస్టీపీ ఉండాలి, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు. అది కడితేనే ప్రభుత్వం ఇల్లు కట్టుకోనిస్తుంది, అది తిరుగుతుంటేనే జనాన్ని దిగనిస్తుంది. ఆఫీసు వాళ్లు అది తిరుగుతుండగా చూసి, సంతోషించి, కాగితం ఇచ్చి వెళ్లిపోయారట. ఆ సాయంత్రమే కరెంటు బిల్లుకి జడిసి ఇక్కడివాళ్లు దాన్ని ఆపేశారు. మురుగుని నేరుగా నాలాలోకి వదిలే పైపు మాత్రం నాడు మొదలు నేటి దాకా ఒక్క పూట సెలవు పెట్టకుండా పనిచేసింది. పెళ్లినాడు పెళ్లికూతుర్ని చూసి అక్షింతలు వేసినవాళ్లు తర్వాత ఆ పిల్ల ఎలా ఉందో చూడటానికి రాకపోవడం లోకంలో ఉన్నదే. కానీ ప్రభుత్వం జీతాలిచ్చి మరీ అక్షింతలే వేయిస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

ప్లాంటు గదికి తాళం. తాళంచెవి ప్రెసిడెంటు గారి దగ్గర. ఆయన ఊళ్లో లేరన్నారు. ఆ అమ్మాయి అక్కడే మెట్ల మీద కూర్చుంది. సాయంత్రానికి ఆయన తన ఫ్లాట్‌లోంచే దిగివచ్చి తలుపు తీశారు. లోపల వినాయకచవితి పందిరి గుంజలు, ఆయన తీసిన జానపద సినిమా తాలూకు సామాను, అంటే పొరలు లేచిన బంగారు సింహాసనం, చెవి విరిగిన ప్లాస్టర్ సింహం, ఎవరిదో సగం కటౌటు. వాటి అడుగున ఎక్కడో ప్లాంటు. ఆ అమ్మాయి సింహాన్ని పక్కకి జరిపి మోటార్ల మీద దుమ్ము తుడిచి ఫొటోలు తీసుకుంది.

"ఏంటమ్మా, స్టోర్ రూముకి కూడా ఫొటోలా?" అన్నారు ప్రెసిడెంటు గారు నవ్వుతూ.

"స్టోర్ రూమని మీరే అంటున్నరు సార్. నేను గదే రాస్త" అంది.

నోటీసు వచ్చింది. మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పండి, మళ్లీ తనిఖీకి వస్తాం అని. మీటింగు పెట్టారు. చప్పట్లు కొట్టిన ఆడవాళ్లే నన్ను చూసి కుర్చీలు జరుపుకున్నారు.

"మన మీద మనమే కంప్లైంటు ఇచ్చుకున్నామాండీ? ప్రపంచంలో ఎవరైనా చేస్తారా ఈ పని?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"మొదటి సంతకం మీదేనండీ" అన్నాను.

"మీరు రచయిత్రి అని నమ్మి పెట్టానండీ!"

ప్లాంటు బాగుచేయించి నడుపుదాం అన్నాను. కొత్త మోటార్లు, నడిపేందుకు ఒక మనిషి, కరెంటు. అందరూ పైకప్పు వైపు చూశారు. ఒక్కొక్కరికీ రెండేసి కార్లున్నాయి. ఒకాయన కుక్కకి ఏసీ గది ఉంది. కానీ స్నానం చేసిన నీళ్ల మీద మళ్లీ ఖర్చేమిటన్నది అందరి బాధ. ఒకాయనైతే, "ఊరంతా వదుల్తోందండీ. మన ఒక్కళ్ల నీళ్లు కడిగిస్తే మూసీ తెల్లబడుతుందా?" అన్నారు. ఆ మాట నచ్చి చాలామంది తలలూపారు. ఊరంతా ఈ మాటే అనుకుంటూ తలలూపుతూ ఉంటుంది గనకే మూసీ అలా ఉంది.

"నడపడం తర్వాత సంగతండీ. ముందు చూపించాలి. మనం ఉండేది ఫిల్మ్ నగర్‌లోనా, ఇంకెక్కడైనానా?" అన్నారు ప్రెసిడెంటు గారు. అని, మూడో అంతస్తులో ఉండే ఆర్ట్ డైరెక్టరు వైపు చూశారు.

ఆయన కోటలు కట్టినవాడు, రైల్వే స్టేషన్లు కట్టినవాడు. ప్లాంటు ఆయనకి ఒక లెక్క కాదు. వారం తిరక్కుండానే సెట్ సిద్ధం. తుప్పు మీద ఆకుపచ్చ రంగు, పైపుల మీద నీలం, ఎటు పోతుందో చూపించే తెల్ల బాణాలు. గోడకి ప్లైవుడ్ ప్యానెలు, దాని మీద వెలిగి ఆరే దీపాలు. శుద్ధి అయిన నీళ్లు చేరాల్సిన చివరి తొట్టెలోకి మంచినీళ్ల ట్యాంకరుతో నీళ్లు పోయించారు. సింహాన్నీ కటౌట్‌నీ తీసేశారు. సింహాసనం మాత్రం గుమ్మంలో పట్టక లోపలే ఉండిపోయింది. దాని మీద తెల్ల దుప్పటి కప్పారు.

మోటార్ల చప్పుడు ఎలా అన్న ప్రశ్న వచ్చింది. మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఆయన దగ్గర ఫ్యాక్టరీ మోటార్ల శబ్దాలు రకరకాలు ఉన్నాయట. దీపాల ప్యానెలు వెనక స్పీకరు పెడితే సరిపోతుందట.

"మీరు కూడానా?" అన్నాను ఇంటికొచ్చాక.

"కింద నుంచి సన్నగా బబుల్స్ వస్తున్న చప్పుడు కూడా కలిపానే. ఎవరూ గమనించరు గానీ, లేకపోతే వెలితిగా ఉంటుంది" అన్నారు. ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషి.

నా ఆశంతా ఆ అమ్మాయి మీదే. పసుపు డబ్బా కొత్తది తెప్పించి ఉంచాను. తనిఖీ రోజు రెండు కార్లు వచ్చాయి. డ్రైవర్లున్నారు, డీజిలూ ఉన్నట్టుంది. అమ్మాయి లేదు. పెద్ద ఆఫీసరు గారు దిగారు, సఫారీ సూటు, నల్లగా మెరిసే జుట్టు. పూలగుత్తి అందుకున్నారు. అమ్మాయి ఏదండీ అని అడిగాను. బదిలీ అయిందన్నారు. ఎక్కడికంటే ఏదో జిల్లా పేరు చెప్పారు.

ఆయన వెనక గోడ వైపు చూడలేదు. నేరుగా ప్లాంటు గదికి వచ్చారు. మా ఆయన ప్యానెలు వెనక నక్కారు. చప్పుడు మొదలైంది. నిజం చెప్పొద్దూ, బబుల్సు చాలా బాగున్నాయి. ఆఫీసరు గారు తొట్టెలోకి వంగి చూసి, "ఇంత క్లియర్ వాటర్ నా సర్వీసుల చూడలే" అన్నారు. అది అబద్ధం కాదు. ఆ ట్యాంకరు నీళ్లే మేం తాగుతాం.

అప్పుడు ప్రెసిడెంటు గారు నన్ను ముందుకు తోశారు. "మా మేడమ్ గారు పెద్ద రైటరండీ. సినిమాలకి రాస్తారు."

ఆఫీసరు గారి ముఖం మారిపోయింది. "అరె! ముందుగాల చెప్పొద్దా సార్! మేడం, నా దగ్గర ఒక సబ్జెక్ట్ ఉంది. జర వినాలె మీరు."

ఈ ఊళ్లో కథ లేని ఆఫీసరు ఉండడు. దంతాలు చూసే డాక్టరు నా నోరు తెరిపించి ఉంచి ఫ్యాక్షన్ కథ చెప్పాడొకసారి. కానీ ఈయన ఆ గదిలోనే, అప్పటికప్పుడే మొదలుపెట్టారు. కూర్చోవడానికి చుట్టూ చూసి, తెల్ల దుప్పటి కప్పిన దాని మీద కూర్చున్నారు. దుప్పటి జారి సింహాసనం చేతులు రెండూ బయటపడ్డాయి. ఆయన వాటి మీద చేతులు వేసుకున్నారు.

హీరో కాలుష్యం ఆఫీసరట. నిప్పు. ఊరి ఏరులోకి విషం వదిలే ఫ్యాక్టరీ ఓనరు విలన్. హీరో ఫ్యాక్టరీ గేటు తన్ని లోపలికి వెళ్తాడు. మంత్రి ఫోన్ చేస్తే, నదికి ఫోన్ లేదు సార్, దాని తరఫున నేను మాట్లాడుతున్నా అంటాడు. ఆ డైలాగు చెబుతున్నప్పుడు ఆఫీసరు గారికి నిజంగానే కళ్లు చెమర్చాయి. వెంట వచ్చిన సిబ్బంది ఇదివరకే చాలాసార్లు విన్నట్టున్నారు, సరైన చోట తలలు ఊపుతున్నారు.

మధ్యలో మోటార్ల చప్పుడు ఆగిపోయింది. తనిఖీ కోసం చేసిన ట్రాకు అయిపోయింది, కథ కోసం చేసింది కాదుగా. ప్రెసిడెంటు గారి ముఖం పాలిపోయింది. కాసేపటికి ప్యానెలు వెనక ఏదో కదిలి, చప్పుడు మళ్లీ మొదలైంది.

"ఆటోమేటిక్‌గ ఆగి ఆటోమేటిక్‌గ స్టార్ట్ అవుతదా?" అన్నారు ఆఫీసరు గారు. "మస్తుంది టెక్నాలజీ. రాసుకోవయ్యా" అని పక్కనున్న ఆయనకి చెప్పి మళ్లీ కథలోకి వెళ్లిపోయారు.

ఇంటర్వెల్ దగ్గర హీరోని విలన్ బదిలీ చేయిస్తాడట. "ఎట్లుంది మేడం?" అని అడిగారు.

"చాలా సహజంగా ఉందండీ. మా దగ్గరికి వచ్చిన ఇంజినీరు అమ్మాయి లాగే."

"ఆమెనా? అది అడ్మినిస్ట్రేటివ్ గ్రౌండ్స్ మేడం. ఇది కథ" అన్నారాయన ఓపిగ్గా, రెంటికీ తేడా తెలియనిదాన్నన్నట్టు.

క్లైమాక్సు ఇంకా కుదరలేదన్నారు. నాకు ఒక ఆలోచన వచ్చింది. "హీరో తిరిగొస్తాడండీ. చెప్పకుండా వస్తాడు. అందరూ పూలు పట్టుకుని ముందు గుమ్మంలో ఉంటే, ఆయన వెనక నుంచి వస్తాడు. గోడ వెనక తొంగి చూస్తే ఒక పైపు కనబడుతుంది. తన చేత్తో దాన్ని మూసేస్తాడు" అన్నాను. ప్రెసిడెంటు గారు దగ్గడం మొదలుపెట్టారు.

ఆఫీసరు గారు గడ్డం రుద్దుకుంటూ చాలాసేపు ఆలోచించారు. ఆయన కళ్లలోకే చూస్తూ నిలబడ్డాను. ఒక్క క్షణం లేచి వెనక్కి నడుస్తారేమో అనిపించింది కూడా.

"బాగుంది మేడం. గానీ రూల్ ప్రకారం ముందు నోటీసు ఇయ్యాలె. చెప్పకుండ పోయి మూస్తే పబ్లిక్ నమ్మరు" అన్నారు.

సర్టిఫికెట్ వచ్చింది. ఫ్రేము కట్టించి లిఫ్టు పక్కన తగిలించారు. ఈ సముదాయం నుంచి శుద్ధి కాని నీరు బయటికి పోవడం లేదనీ, బయటికి పోయే పైపు ఏదీ లేదనీ అందులో ఉంది. ఆఫీసరు గారు నాకు సెకండాఫ్ చెప్పడానికి ఫోన్లు చేస్తూనే ఉన్నారు. నేను ఆ అమ్మాయి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. జాతరలో ఉన్నట్టుంది, వెనక డప్పులు. "ఇప్పుడు నాకు మైకుల సౌండు కొలిచే డ్యూటీ మేడం. మీ ప్లాంటు సంగతి ఏమైంది?" అని అరిచింది. మంచి మార్కులతో పాసైందని చెప్పాను. ఆమె నవ్వడం మొదలుపెట్టింది, నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వి నవ్వి పెట్టేశాం. పెట్టేశాక మాత్రం నాకు ఏడుపొచ్చినంత కోపం వచ్చింది.

ఎండలు ముదిరాయి. పైనుంచి నీళ్లు తగ్గి నాలాలో మా సొంత సరుకే మిగిలింది. కిటికీ మూసినా వాసన వచ్చేది. లిఫ్టు పక్కన సర్టిఫికెట్, వంటింట్లో ఇది. రోజూ రెంటి మధ్యా తిరగాలి.

ప్రెసిడెంటు గారు మళ్లీ సినిమా మొదలుపెట్టారు. ఒక ఆదివారం ముహూర్తం, దగ్గర్లోనే స్టూడియోలో. అపార్టుమెంటు మొత్తాన్ని పిలిచారు. పట్టుచీరలు, సెంటు, సెల్ఫీలు, అందరూ వెళ్లారు. నేను తలనొప్పి అన్నాను. వాళ్ల కార్లు మలుపు తిరగ్గానే టోలిచౌకిలో మాట్లాడి ఉంచిన మేస్త్రీకి ఫోన్ చేశాను. నడివయసు మనిషి, ఇటుకలూ సిమెంటూ స్కూటరు మీద వేసుకుని వచ్చాడు. పైపు చూసి తల గోక్కున్నాడు.

"అమ్మా, ఇది బంద్ చేస్తే లోపల్కి వస్తది."

"రానీ."

"ఎవరింట్లకు?"

"ముందు సెల్లారులోకి వస్తుంది."

"మీ కారు గాడుందా?"

"పొద్దున్నే తీసి రోడ్డు మీద పెట్టించాను."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఇగ ఫికర్ ఏముంది" అని లుంగీ ఎగగట్టి దిగాడు. ఇటుకలు పేర్చి, తొందరగా గట్టిపడే సిమెంటు దట్టించి, పైన నున్నగా మెత్తాడు. ఇంత శ్రద్ధ ఎందుకంటే, "పని పనే గదమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున్న అందరూ స్నానాలు చేసే వేళకి వాచ్‌మన్ కేకలు వినబడ్డాయి. ప్లాంటు గది తలుపు కింద నుంచి నల్లగా బయటికి వస్తోంది. రంగు వేసిన తొట్టెలు పొంగాయి. దీపాల ప్యానెలు ఉబ్బి గోడ నుంచి ఊడిపడింది. ముహూర్తం కోసం కడిగించిన ప్రెసిడెంటు గారి కారు చక్రాలు సగం దాకా మునిగాయి. ఆయన లుంగీలోనే దిగివచ్చి మెట్ల మీద ఆగిపోయారు. అంతమందిలో ఒక్కరూ ఆఖరి మెట్టు దిగలేదు. అందులో ఉన్నది తమదే అయినా.

"ఎవరు చేశారీ పని?"

"నేనేనండీ. పైపు మూయించాను."

"మీకు మతిపోయిందా?"

"ప్లాంటు నడుస్తోందని కాగితం ఉంది కదండీ. నడిచే ప్లాంటుకి ఆ పైపెందుకని మూయించాను."

ఆయన అక్కడికక్కడే ఆఫీసరు గారికి ఫోన్ చేశారు. కంగారులో స్పీకరు నొక్కారు కాబట్టి మాకందరికీ వినబడింది. తమ అపార్టుమెంటు పైపుని ఒకావిడ మూసేసిందనీ, అది నేరమనీ, వెంటనే తీయించే ఆర్డరు ఇప్పించమనీ అడిగారు.

"ఏ పైపు సార్?" అన్నారు ఆఫీసరు గారు.

"వెనకదండీ, నాలాలోకి పోయేది."

"మీకు అసుంటి పైపే లేదు కద సార్. నేనే ఇన్స్పెక్షన్ చేసిన. లేని పైపును తెరవమని నేనెట్ల ఆర్డరిస్త? నా ఉద్యోగం పోతది." తర్వాత గొంతు తగ్గించి, "మేడం ఉన్నరా పక్కన? సెకండాఫ్..." అంటుండగా ప్రెసిడెంటు గారు కట్ చేశారు.

మనుషుల్ని పెట్టి తానే పగలగొట్టిస్తానన్నారు. పగలగొట్టించండి, నేను కిటికీలోంచి వీడియో తీసి టీవీ వాళ్లకి ఇస్తాను అన్నాను. నిన్ననే ముహూర్తం జరిగిన ప్రొడ్యూసరు మురుగు పైపు పగలగొట్టిస్తూ టీవీలో రావడం ఎలా ఉంటుందో ఆయనకి నాకన్నా బాగా తెలుసు. నన్ను చాలా మాటలు అన్నారు. అందులో కొన్ని నేను తర్వాత ఒక విలన్‌కి వాడుకున్నాను.

మురుగు లాగే ట్యాంకర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆ వారం రోజులూ అందరూ నన్ను తిడుతూనే స్నానాలు కుదించుకున్నారు. ట్యాంకర్లని ఎన్నాళ్లని పిలుస్తారు, ప్లాంటు కంపెనీ వాళ్లని పిలిచారు. కొత్త మోటార్లు బిగించారు. నడపడానికి ఒక మనిషిని పెట్టారు. మొదటిసారి నిజం మోటార్లు తిరిగినప్పుడు మా ఆయన విని, "బేస్ ఎక్కువైంది. నాదే బాగుంది" అన్నారు.

నాతో చాలాకాలం ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నారు. శుద్ధి అయిన నీళ్లు మొక్కలకి పోస్తున్నారు, బోగన్‌విలియా గోడ దాటి పూసింది. ప్రెసిడెంటు గారు వచ్చిన ప్రతి చుట్టాన్నీ సెల్లారులోకి తీసుకెళ్లి, ఫిల్మ్ నగర్‌లో నిజంగా తిరిగే ప్లాంటు తమదొక్కటేనని చెబుతున్నారు. దాని వెనక తన పట్టుదల ఎంత ఉందో కూడా చెబుతున్నారు. మేస్త్రీ మెత్తిన చోటు చూపిస్తారో లేదో నాకు తెలియదు.

కిటికీ తెరుస్తున్నాను. వాసన సగం తగ్గింది. మిగతా సగం ఇంకా వస్తోంది, ఈసారి ఖాయంగా పైనుంచే. ఆ అమ్మాయి చెప్పింది నిజమే. మళ్లీ పిటిషన్ రాసుకుని, నేరుగా ఆఫీసుకే పట్టుకెళ్లాను. కౌంటరులో క్లర్కు కంప్యూటర్లో చూశాడు.

"ఆ నాలా కేసు క్లోజ్ అయ్యింది మేడం. ఫిర్యాదుదారు తృప్తి చెందినరు అని ఉంది."

"ఫిర్యాదుదారుని నేనే."

"అయితే మీరు తృప్తి చెందినరు మేడం."

చెందలేదన్నాను. అతనికి నా మీద జాలి వేసినట్టుంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వాసన అని రాయకుండ్రి. అది అయిపోయిన కేసు, మళ్ల తెరవరు. దోమలని రాయుండ్రి. అది వేరే ఆఫీసు. వాళ్లు జల్దీ వస్తరు."

అక్కడే బెంచీ మీద కూర్చుని దోమలని రాసి, అతను చెప్పిన ఆఫీసులో ఇచ్చి వచ్చాను. నిజంగానే తొందరగా వచ్చారు. ఒకతను భుజాన మిషను తగిలించుకుని నాలా పొడుగునా తెల్లటి పొగ కొట్టాడు. పొగ కిటికీలోంచి వచ్చి వంటిల్లంతా కమ్మేసింది. నేను, మా ఆయన దగ్గుకుంటూ రోడ్డు మీదికి పరుగెత్తాం. పొగ కొట్టినతను మా దగ్గరికి వచ్చి ఫోన్ తీసి, "సమస్య తీరిందని ఒక ఫొటో మేడం, నవ్వుండ్రి" అన్నాడు.